బాగ్నాన్‌లో ఆగిన డబ్బు

బ్యాంకు మూతపడితే మనిషికి అయిదు లక్షల దాకా బీమా ఉంది. ఆ సంగతి చాలామందికి తెలుసు. ఆ డబ్బు ఏ నెలకు చేతికొస్తుందో, ఏ ఖాతాకు వస్తుందో, దేనికి రాదో తెలిసినవాళ్లు తక్కువ. రైల్వే ఊరు ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఈ లెక్క మరీ అవసరం.

హౌరాలో లోకల్ ఎక్కి ఖరగ్‌పూర్ వచ్చేవాళ్లకు ఉలుబేరియా దాటాక బాగ్నాన్ తగులుతుంది. ఇంకాస్త ముందుకొస్తే దేఉల్టి. బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు ఇల్లు కట్టుకుని ఉన్న సామతాబేడ్ అక్కడికి దగ్గర కాబట్టి, నాలుగు పుస్తకాలు చదివిన తెలుగువాళ్లు దేఉల్టి రాగానే కిటికీ వైపు జరుగుతారు. బాగ్నాన్‌లో ఎవరూ జరగరు. అక్కడ చూడ్డానికేముంది? స్టేషన్ రోడ్డు, దుకాణాలు, దిగేవాళ్ల తోపులాట.

ఆ స్టేషన్ రోడ్డులోనే ఒక సహకార బ్యాంకు ఉండేది. యునైటెడ్ కోఆపరేటివ్ బ్యాంక్. 2018 జులైలో రిజర్వ్ బ్యాంకు దాని మీద ఆంక్షలు పెట్టింది. కొత్త డిపాజిట్లు తీసుకోవడానికి వీల్లేదు, ఉన్న డిపాజిట్లు అడిగినవాళ్లకు అడిగినంత ఇవ్వడానికీ వీల్లేదు. 2021 మే 13న బ్యాంకు పని ముగిసే వేళకు లైసెన్సే రద్దయింది. చాలినంత మూలధనం లేదు, సంపాదించే దారీ కనిపించడం లేదు అన్నది రిజర్వ్ బ్యాంకు చెప్పిన కారణం. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది. బ్యాంకు ఇచ్చిన లెక్కల ప్రకారం డిపాజిటర్లందరికీ వాళ్ల సొమ్ము పూర్తిగా బీమా సంస్థ నుంచి వస్తుంది.

అంటే ఎవరికీ పైసా పోలేదు. కాగితం మీద ఇంతకంటే మంచి ముగింపు ఉండదు. కానీ 2018 జులై నుంచి 2021 మే దాకా వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండేళ్ల పది నెలలు. పెళ్లికి కూడబెట్టిన డబ్బుకు, ఆపరేషన్‌కు దాచిన డబ్బుకు ఆ రెండేళ్ల పది నెలలు ఎంత పొడవో, మధ్యలో కరోనా ఏడాది కూడా వచ్చిపడ్డాక ఇంకెంత పొడవో, ఆ పాస్‌బుక్కు పట్టుకున్నవాళ్లకే తెలియాలి. రైలు రద్దయిందంటే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు. ‘వస్తుంది, వేచి ఉండండి’ అంటే ప్లాట్‌ఫారం వదిలి కదలలేడు. ఆంక్షల్లో ఉన్న బ్యాంకు డిపాజిటరు పరిస్థితి అదే. నా ఉద్దేశంలో డిపాజిట్ బీమా గొప్పతనాన్ని గడియారంతో కొలవాలి. రూపాయలతో కొలవడం ఆ తర్వాత.

రెండు సెటిల్‌మెంట్ల ఊరు

ఖరగ్‌పూర్‌లో సెటిల్‌మెంట్ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి రైల్వే క్వార్టర్ల పేట: ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్. రెండోది రిటైరైన రోజున చేతికొచ్చే మొత్తం: పీఎఫ్, గ్రాట్యుటీ, మిగిలిపోయిన సెలవుల జీతం, పెన్షన్‌లో కొంత అమ్ముకుంటే వచ్చే కమ్యుటేషన్. మొదటి సెటిల్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు బతికితే రెండో సెటిల్‌మెంట్ వస్తుంది. వచ్చిన నెలలోనే మొదటిది ఖాళీ చేయాల్సిన పని మొదలవుతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ వేసి, పక్కనే వర్క్‌షాపు కట్టిన కాలం నుంచి ఉత్తరాంధ్ర జనం ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి కూలికి, కొలిమికి, ఇంజను షెడ్డుకు వచ్చినవాళ్ల మునిమనవలు ఇప్పుడు మథురాకాఠీ, నింపురా, మలంచ పేటల్లో కనిపిస్తారు. ఇంట్లో తెలుగు, గోల్‌బజార్‌లో హిందీ, ఆఫీసు కాగితంలో బెంగాలీయో ఇంగ్లిషో. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. బ్యాంకు కౌంటరు మీది ఫారాలకు ఆ వార్త ఎప్పుడు చేరుతుందో గానీ, ఈ ఊళ్లో తెలుగువాడి ఎకౌంటు ఫారం ఇప్పటికీ ఎక్కువగా పక్కింటి కుర్రాడే నింపుతాడు.

అక్షరం ఎవరిదైనా డబ్బు మనదే కాబట్టి, ఆ ఫారం వెనక ఉన్న బీమా ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలి. అది పుట్టింది ఈ బెంగాల్ కష్టంలోంచే.

కలకత్తా భయం, కేరళ దెబ్బ

దేశంలో డిపాజిట్లకు బీమా ఉండాలన్న ఆలోచన మొదట లేచింది 1948లో, బెంగాల్‌లో బ్యాంకులు కూలుతున్నప్పుడు. దేశ విభజనతో తూర్పు బెంగాల్‌లోని అప్పులు, ఆస్తులు సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. చిన్నా చితకా బ్యాంకులు వరసగా తలుపులు వేశాయి. మునిగిపోయే భయంతో నాలుగు బెంగాల్ బ్యాంకులు (కొమిల్లా బ్యాంకింగ్ కార్పొరేషన్, బెంగాల్ సెంట్రల్, కొమిల్లా యూనియన్, హుగ్లీ) ఒకదాన్నొకటి పట్టుకుని 1950 డిసెంబరులో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి.

బీమా మాట మాత్రం పక్కకు పోయింది. ముందు బ్యాంకుల తనిఖీ గట్టిపడాలి, తర్వాత బీమా చూద్దాం అనుకున్నారు. 1950లో గ్రామీణ బ్యాంకింగ్ విచారణ సంఘం, 1954లో ష్రాఫ్ కమిటీ బీమా కావాలన్నాయి. అయినా కదల్లేదు. 1960లో లక్ష్మీ బ్యాంకు, ఆ వెంటనే ఆగస్టులో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కూలాయి. అప్పటికి గానీ ఢిల్లీకి మెలకువ రాలేదు. 1961లో చట్టం, 1962 జనవరి 1 నుంచి అమలు. అమెరికా 1933లో చట్టం చేసి మరుసటి ఏడాది మొదలుపెట్టింది. దేశం మొత్తానికి ఇలాంటి బీమా పెట్టడంలో మనది ఆ తర్వాతి స్థానం. ఆలోచనకూ అమలుకూ మధ్య పద్నాలుగేళ్లు జారాయన్నది వేరే సంగతి. ఈ కథలో ఆలస్యం మొదటి నుంచీ ఉంది.

మొదట్లో బీమా ఎంతో తెలుసా? మనిషికి 1,500 రూపాయలు. 1968లో 5,000, 1970లో 10,000, 1976లో 20,000, 1980లో 30,000. 1993 మే నుంచి లక్ష. అక్కడ బండి ఆగింది. 2020 ఫిబ్రవరి 4న అయిదు లక్షలు చేసేదాకా ఇరవై ఆరేళ్ల పైచిలుకు అదే లక్ష. 1993లో లక్ష రూపాయలకు విలువేమిటో, 2019లో ఏమిటో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఇక్కడ ఒక పక్కదారి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులకు బాగా తెలిసిన తెలుగు నాయకుడు వి.వి.గిరి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపించి, 1927-28 సమ్మె రోజుల్లో వాళ్ల వెంట నిలిచిన మనిషి. నలభై ఏళ్ల తర్వాత ఆయనే తాత్కాలిక రాష్ట్రపతిగా 1969 జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా చేసి ఎన్నికల బరిలోకి దిగారు. ఆ పద్నాలుగింటిలో కలకత్తా యునైటెడ్ బ్యాంకు కూడా ఒకటి. ‘గవర్నమెంటు బ్యాంకు’ అన్న ధీమా మన ఇళ్లలోకి ఆ సంతకంతోనే వచ్చింది. ధీమా అబద్ధమని అనను; ఇంతవరకూ ప్రభుత్వ బ్యాంకు ఏదీ డిపాజిటర్ల చేయి వదల్లేదు. అయితే చట్టం రాసిచ్చిన హామీ ప్రభుత్వ బ్యాంకుకైనా, ప్రైవేటుకైనా, సహకార బ్యాంకుకైనా ఒకటే, అయిదు లక్షలు. మిగతాది నమ్మకం.

హైదరాబాద్ నేర్పిన పాఠాలు

తెలుగు నేల మీద ఈ బీమా అసలు పరీక్ష ఎదుర్కొంది 2001 తర్వాతి సంవత్సరాల్లో. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు కుప్పకూలింది. ఆ తర్వాత ఛార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి. బ్యాంకు గేట్ల ముందు రిటైరైనవాళ్లు ఫైళ్లు పట్టుకుని నిలబడిన దృశ్యాలు ఆనాటి పత్రికలు చూసినవాళ్లకు గుర్తుంటాయి. అప్పటి హద్దు లక్ష. జీవితకాలపు పొదుపంతా ఒకే చోట వేసినవాడికి లక్ష వచ్చింది. మిగతాది లిక్విడేటరు బ్యాంకు ఆస్తులు అమ్మి, బాకీలు వసూలు చేసి పంచేదాన్ని బట్టి ఉంటుంది.

2004లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వంతు. జులై 24న మారటోరియం, ఖాతాదారుడికి పది వేల హద్దు. మూడు వారాల్లో దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. బీమా సంస్థ జోలికి వెళ్లే పనే పడలేదు, అందరి సొమ్మూ భద్రం. గమనించారా? పెద్ద బ్యాంకు పడిపోతే దాన్ని ఎత్తుకోవడానికి ఇంకో పెద్ద బ్యాంకు వస్తుంది. 2020లో యెస్ బ్యాంకు, లక్ష్మీ విలాస్ బ్యాంకు ఇలాగే వారాల్లో తేలాయి. చిన్న సహకార బ్యాంకు పడితే ఎత్తుకునేవాళ్లు అంత తొందరగా రారు. అందుకే ఈ బీమా నిజంగా అవసరపడేది చిన్న ఊళ్లోని చిన్న బ్యాంకు ఖాతాదారుడికి. ప్రీమియంలో సింహభాగం వాణిజ్య బ్యాంకులు కడతాయి, క్లెయిముల్లో సింహభాగం సహకార బ్యాంకులవి. పెద్ద బ్యాంకులకు ఇది నచ్చదు. నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

కథలో ఒక చిత్రం కూడా ఉంది. 1950 నాటి బెంగాల్ కష్టంలోంచి పుట్టిన యునైటెడ్ బ్యాంకూ, 2004లో హైదరాబాద్ గ్లోబల్ ట్రస్ట్‌ను మింగిన ఓరియంటల్ బ్యాంకూ రెండూ 2020 ఏప్రిల్ 1న ఒకే రోజు పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయాయి.

తొంభై రోజుల గడియారం

బాగ్నాన్‌కు తిరిగి వద్దాం. పాత చట్టంలో బీమా డబ్బు కదలాలంటే బ్యాంకు పూర్తిగా చచ్చిపోవాలి: లైసెన్సు రద్దు కావాలి, లిక్విడేటరు రావాలి, జాబితా తయారవ్వాలి. కొన ఊపిరితో ఉన్నంతకాలం బీమా సంస్థ చూస్తూ కూర్చోవడమే. ఆంక్షలు ఆరు నెలలు, ఇంకో ఆరు నెలలు అని పొడిగించుకుంటూ పోతుంటే డిపాజిటరు అటూ ఇటూ కాకుండా వేలాడేవాడు. 2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మొదట అనుమతించింది ఖాతాకు వెయ్యి రూపాయలు. వెయ్యి! ఆ గగ్గోలు పార్లమెంటు దాకా వెళ్లింది.

2021లో చట్టాన్ని సవరించారు. సెప్టెంబరు 1 నుంచి అమలు. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు ఒక బ్యాంకు మీద పూర్తి ఆంక్షలు పెట్టిన రోజునే గడియారం మొదలవుతుంది. 45 రోజుల్లో ఆ బ్యాంకు డిపాజిటర్ల జాబితా ఇవ్వాలి. 30 రోజుల్లో బీమా సంస్థ సరిచూడాలి. ఇంకో 15 రోజుల్లో డబ్బు వేయాలి. మొత్తం 90 రోజులు. బ్యాంకును ఎవరితోనైనా కలిపే మాటలు నడుస్తుంటే ఇంకో తొంభై రోజులు జరపొచ్చు. అయినా రెండేళ్ల పది నెలలెక్కడ, మూడు నెలలెక్కడ! అరవై ఏళ్ల ఈ బీమా చరిత్రలో ఖాతాదారుడికి నిజంగా పనికొచ్చిన సంస్కరణ ఇదేనని నా అభిప్రాయం. హద్దు పెంచడం కంటే కూడా.

బాగ్నాన్ బ్యాంకు లైసెన్సు ఈ సవరణకు మూడున్నర నెలల ముందు రద్దయింది. ఇక్కడ న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. ఆంక్షలు పెట్టిన 2018లోనే లైసెన్సు రద్దయి ఉంటే బీమా హద్దు లక్ష మాత్రమే. నాన్చడం వల్ల 2020 ఫిబ్రవరి దాటింది, హద్దు అయిదు లక్షలైంది. లక్షకు పైన దాచుకున్నవాళ్లకు ఆ ఆలస్యమే మేలు చేసిందన్నమాట. ఇలాంటి అదృష్టం మీద ఆధారపడి ఎవరూ డబ్బు దాచుకోకూడదు గానీ, నిజం నిజమే.

మన ఆంధ్రలో ఒక ఉదాహరణ విజయవాడ దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2024 నవంబరులో లైసెన్సు రద్దైంది. దాదాపు 95.8 శాతం డిపాజిటర్లకు పూర్తి సొమ్ము బీమా నుంచే అందుతుందని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మిగిలిన నాలుగు శాతంలో ఎవరున్నారో ఊహించుకోవచ్చు. అయిదు లక్షలు దాటినవాళ్లు.

ఇరవై నాలుగు లక్షల లెక్క

వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన ఒకాయన్ని ఊహించుకుందాం. సెటిల్‌మెంట్ 24 లక్షలు వచ్చింది. తెలివిగా గోల్‌బజార్ బ్రాంచిలో ఎనిమిది, ఇందా బ్రాంచిలో ఎనిమిది, మలంచ బ్రాంచిలో ఎనిమిది వేశాడు, మూడూ ఒకే బ్యాంకువి. బీమా ఎంత? అయిదు లక్షలే. ఒక మనిషి పేరు మీద ఒక బ్యాంకులో ఎన్ని బ్రాంచీల్లో ఎన్ని ఖాతాలున్నా, సేవింగ్స్, కరెంట్, ఫిక్స్‌డ్, రికరింగ్ అన్నీ కలిపి ఒకే కుప్ప. బ్యాంకు మారితే కుప్ప మారుతుంది. అయిదు వేర్వేరు బ్యాంకుల్లో పెడితే ఒక్కోదానికి అయిదేసి లక్షల గొడుగు.

ఒకే బ్యాంకులోనూ హోదా మారితే గొడుగు మారుతుంది. ఆయన ఒక్కడి పేరు మీద అయిదు, భార్య ఒక్కత్తె పేరు మీద అయిదు, ఇద్దరి పేరా జాయింటుగా అయిదు. మూడూ విడివిడిగా లెక్క. జాయింటులో ఆయన పేరు ముందు, ఆవిడ పేరు ముందు అని రెండు ఖాతాలుంటే అవీ వేర్వేరే. వింతగా ఉన్నా నిబంధన అదే. నామినీ పేరు రాయడం వేరు, జాయింటు వేరు. నామినీతో బీమా పెరగదు.

వడ్డీ సంగతి చాలామంది మర్చిపోతారు. అయిదు లక్షలంటే అసలూ వడ్డీ కలిపి. 4,80,000 వేస్తే దాని మీద 30,000 వడ్డీ చేరిందనుకోండి, పైన మిగిలిన పదివేలు బీమా బయటే. అందుకని నాలుగున్నర దగ్గర ఆపడం మంచిది. అదే బ్యాంకులో మీకు అప్పుంటే దాన్ని మినహాయించుకుని మిగతాదే ఇవ్వొచ్చు.

ఈ బీమాకు మీరు కట్టేదేమీ లేదు. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మీ దగ్గర వసూలు చేయకూడదు. 2025 నాటికి ఆ రేటు అన్ని బ్యాంకులకూ ఏడాదికి నూటికి 12 పైసలు. బ్యాంకు ఎంత ప్రమాదంలో ఉంటే అంత ప్రీమియం అన్న కొత్త పద్ధతిని 2025 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. ఒంటిచేత్తో సైకిలు తొక్కేవాడూ, రెండు చేతులతో తొక్కేవాడూ అప్పటిదాకా ఒకే బీమా కట్టారు మరి. కట్టేది మొత్తం డిపాజిట్ల మీద. కాపాడేది అయిదు లక్షల దాకా. 2024 మార్చి నాటికి ఖాతాల లెక్కన చూస్తే 97.8 శాతం పూర్తిగా బీమా నీడలో ఉన్నాయి, రూపాయల లెక్కన చూస్తే 43.1 శాతమే. చిన్నవాడికి గొడుగు సరిపోయింది, ఉన్నవాడికి భుజాలు తడుస్తాయి. రిటైరైన రైల్వే ఉద్యోగి మాత్రం తాను చిన్నవాడినే అనుకుంటూ, సెటిల్‌మెంట్ వచ్చిన రోజున తనకు తెలియకుండానే ఆ రెండో రకంలోకి జారిపోతాడు.

చీటీ వేరు, చిట్‌ఫండ్ వేరు

ఖరగ్‌పూర్ తెలుగువాడికి భాష తెచ్చిపెట్టే ఒక చిక్కుంది. మనకు చీటీ అంటే ఇరవై మంది కలిసి నెలనెలా పాడుకునేది. రిజిస్టరైన చిట్‌ఫండ్ కంపెనీకి 1982 చట్టం ఉంది. బెంగాలీకి చిట్‌ఫండ్ అంటే మోసం. 1980లో సంచయిత, 2013లో శారద ఆ మాటకు ఆ అర్థం తెచ్చాయి. నిజానికి అవి చీటీలే కావు; ఎక్కువ వడ్డీ ఆశపెట్టి జనం దగ్గర డబ్బు లాగిన పథకాలు. మన వైపు అగ్రిగోల్డ్ ఉంది. మాట ఏదైనా బీమా దృష్టిలో అన్నీ ఒకటే. చీటీకి బీమా లేదు, చిట్‌ఫండ్‌కు లేదు, ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్‌కు లేదు, మ్యూచువల్ ఫండ్‌కు లేదు. బ్యాంకు కౌంటరులోనే అమ్మినా ఇన్సూరెన్స్ పాలసీకీ లేదు.

ఇంకోటి కూడా జాగ్రత్తగా వినాలి. సహకార బ్యాంకు వేరు, సహకార పరపతి సంఘం వేరు. ఉద్యోగులంతా సభ్యులుగా ఉండి జీతంలోంచి కోత వేయించుకునే క్రెడిట్ సొసైటీలు రైల్వే ఊళ్లలో మామూలే. అవి బాగా నడుస్తుండొచ్చు, దశాబ్దాలుగా నమ్మకం నిలబెట్టుకుని ఉండొచ్చు. కానీ రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేని సొసైటీ డిపాజిట్‌కు ఈ బీమా వర్తించదు. పోస్టాఫీసు పొదుపుకూ ఈ బీమా లేదు. దానికి అవసరమూ లేదు, అది నేరుగా కేంద్ర ప్రభుత్వ బాధ్యత. అరవై దాటినవాళ్లకు అక్కడి సీనియర్ సిటిజన్ పథకంలో ముప్పై లక్షల దాకా వేసుకునే వీలుంది. పైన చెప్పిన ఫిట్టరు సెటిల్‌మెంట్ మొత్తం అందులో పట్టేస్తుంది.

బీమా సంస్థ పేరు పెద్దది: డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్. పొట్టిగా డీఐసీజీసీ. రిజర్వ్ బ్యాంకు సొంత సంస్థ. బీమా ఉన్న బ్యాంకుల జాబితా దాని వెబ్‌సైట్లో ఉంటుంది, బ్యాంకులు తమ వెబ్‌సైట్లలో దాని గుర్తు పెట్టాలి. మీ బ్యాంకు మీద ఆంక్షలే వస్తే కంగారు పడి గేటు ముందు నిలబడటం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: బీమా డబ్బు కావాలని రాసిచ్చి, అది ఏ బ్యాంకు ఖాతాలో పడాలో చెప్పాలి. ఇంకో బ్యాంకులో ఖాతా లేనివాడికి ఆ తొంభై రోజులు కూడా పొడుగవుతాయి.

సెటిల్‌మెంట్ చేతికొచ్చిన వారంలోనే మీ తలుపు తట్టేవాళ్లు చాలామంది ఉంటారు. తెలిసినవాళ్లు, చుట్టాలు, మీతో పాటే పనిచేసినవాళ్లు. వాళ్ల మీద అనుమానపడమని చెప్పను. టీ ఇవ్వండి. ‘ఇది డీఐసీజీసీలో ఉందా, పోస్టాఫీసా?’ అని మాత్రం అడగండి. రెండూ కాదంటే టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా వేరే కబుర్లు చెప్పి పంపించేయండి. మొదటి మూడు నెలలు ఎవరికీ మాట ఇవ్వకండి.